సాలెగూడు నోట్సు

ఫిబ్రవరి 10, సోమవారం

సాలెగూడు నోట్సులు ఇవాళ్టితో దిద్దేశాను. నాలుగు, అయిదు తరగతులవి కలిపి ఇరవై మూడు. పది రోజుల క్రితం పాఠం చెప్పి, "ఇంటి దగ్గర ఒక గూడు ఎంచుకుని రోజూ చూడండి, చూసింది రాయండి" అని పంపాను. పిల్లలు బుద్ధిగా రాశారు. "గూడు బాగుంది. సాలీడు అందులోనే ఉంది. ఒక ఈగ పడింది." పది రోజులూ ఇంచుమించు అదే. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నారని తెలుస్తూనే ఉంది, అయినా నేను చెప్పిన పాఠానికి అడ్డం రాలేదు కదా. ఇరవై రెండు రైట్లు పెట్టాను.

ఇరవై మూడోది షెర్లీది. వెల్దుర్తి వైపు నుంచి మిరప కోతలకు వచ్చిన దేవమ్మ కూతురు. అయిదో తరగతిలో జనవరిలో చేరింది. తల్లీకూతుళ్ళిద్దరూ రైతు వెంకట్రామయ్యగారి కల్లం దగ్గరే టార్పాలిన్ పట్టా కట్టుకుని ఉంటున్నారు. పగలు కోత, రాత్రి ఎండుకాయకు కాపలా. ఆ పిల్ల రాసింది ఏమిటంటే, సాలెపురుగు తెల్లవారుజామున తన గూడును తానే తినేస్తుందట. పొద్దుగూకాక మళ్ళీ కొత్తది కడుతుందట. రోజూ!

పాఠంలో నేను చెప్పింది వేరు. సాలీడు గూడు ఒకసారి కట్టుకుంటే అందులోనే ఉంటుంది, చిరిగిన చోట అతుకు వేసుకుంటుంది అని. నేను చదువుకునేటప్పుడు మా టీచరు చెప్పిందీ అదే. లేపి అడిగాను.

"ఇది ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలా టీచర్. నేనే చూశా. దారాలన్నీ ఉండ జేసుకుని నోట్టో పెట్టుకుంటది. పైదారం ఒక్కటే ఉంచిద్ది."

"అయితే మీ అమ్మ అన్నం వండని రోజు నువ్వు ఇంటి గోడ కొరుక్కు తింటావా?"

క్లాసంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవడో "వాళ్ళకి గోడలు లేవు టీచర్, పట్టానే!" అని అరిచాడు. మళ్ళీ నవ్వులు. షెర్లీ కూడా నవ్వింది.

పేజీకి అడ్డంగా "అన్నీ అబద్ధాలు" అని ఎర్ర పెన్నుతో రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాను. పేజీ మొత్తం చదవలేదు. పైన నాలుగు లైన్లు చూస్తే చాలదా?

ఎంత పొడి పాఠమైనా నవ్వించి చెప్పడం నాకు వచ్చు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా క్లాసులో నిద్రపోయిన పిల్ల లేదు.


ఫిబ్రవరి 11, మంగళవారం

షెర్లీ రాలేదు. జ్వరమేమో.


ఫిబ్రవరి 12, బుధవారం

రాలేదు. కోతలు జోరుగా ఉన్నాయి. ఈ రోజుల్లో కోతల పిల్లలు వారానికి రెండు రోజులు వస్తే గొప్ప. ప్రతి ఏడూ ఉన్నదే.


ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇరవయ్యో తేదీ కాంప్లెక్స్ మీటింగులో నేనే మోడల్ లెసన్ చెప్పాలట. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ వస్తారు. మా హెచ్.ఎం. సుందరిగారు, "సాలీడు పాఠమే చెప్పండి విజయలక్ష్మిగారూ, పిల్లలను బాగా నవ్వించారట కదా" అన్నారు. ఆవిడ మాట మామూలుగానే ఉంది. నాకే ఎందుకో గుచ్చుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక చూస్తే మా మేడ మెట్ల దగ్గర, బల్బు పక్కన ఒక పెద్ద గూడు ఉంది. సైకిలు చక్రానికి చువ్వలున్నట్టు నడిమధ్య నుంచి దారాలు, వాటి చుట్టూ చుట్లు. ఫోటో తీసుకున్నాను. మీటింగులో చూపించవచ్చు.


ఫిబ్రవరి 15, శనివారం

అయిదింటికి ట్యాంకుకు మోటారు వేద్దామని మేడ ఎక్కాను. బల్బు ఇంకా వెలుగుతోంది.

సాలీడు గూడును తింటోంది.

ముందు ఎలుకో బల్లో తెంపిందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సరిచేసుకుని చూశాను. ముందుకాళ్ళతో ఒక్కొక్క చువ్వనూ తెంపి, దగ్గరికి లాక్కుని, ఉండ చేసి నోట్లో పెట్టుకుంటోంది. తొందర లేదు. రోజూ చేసే పనిలాగే చేసుకుపోతోంది. పావుగంటలో మొత్తం అయిపోయింది. అది పాక్కుంటూ వెళ్ళి గోడ పగుల్లో దూరింది.

ట్యాంకు నిండి, నీళ్ళు పొర్లి కిందికి కారాయి. కింది వాటా వాళ్ళు కేకేస్తే గానీ నాకు తెలివి రాలేదు.

తర్వాత ఫోన్లో వెతికి చదివాను. చాలా రకాలు అలాగే చేస్తాయట. పాత దారాల్లో జిగురు ఎండిపోతుంది, దుమ్ము పడుతుంది, పురుగు అంటుకోదు. అందుకని ఆ దారమే తిని, దాంతోనే మళ్ళీ కొత్త దారం తీస్తుంది. ఇళ్ళల్లో మూలల్లో బూజు కట్టేవి వేరే రకం, అవి అలా చేయవు. కాబట్టి నేను చెప్పింది కూడా పూర్తిగా తప్పేమీ కాదు.

ఇవాళ బళ్ళో కుదరలేదు, సోమవారం క్లాసులో చెప్పేస్తాను.


ఫిబ్రవరి 17, సోమవారం

షెర్లీ రాలేదు. ఆ పిల్ల లేనప్పుడు చెప్పి ఏం లాభం? వచ్చిన రోజు చెప్తాను.

పిల్లలు ఆ పిల్లకు "గోడల షెర్లీ" అని పేరు పెట్టారు. భోజనాల దగ్గర విన్నాను. మందలించాను. మందలిస్తుంటే ఒకడు, "మీరే గదా టీచర్ అన్నది" అన్నాడు. వాడిని చెంప మీద కొట్టబోయి ఆగాను.


ఫిబ్రవరి 20, గురువారం

మోడల్ లెసన్ అయింది. చప్పట్లు కొట్టారు.

షెర్లీ తన నోట్సులో వేసిన బొమ్మే చార్టు మీద వేశాను. పైదారం, దాని నుంచి దిగిన చువ్వలు, ముందు తాత్కాలికంగా వేసుకునే పొడి చుట్టు, తర్వాత బయటి నుంచి లోపలికి వేసే జిగురు చుట్టు. ఇంత బాగా నాకు ఎలా గుర్తుందో తెలియదు. ఆ పేజీ సరిగ్గా చూడలేదనే అనుకున్నాను. తెల్లవారుజామున గూడు తినడం దగ్గరికి వచ్చేసరికి అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒక మేడం, "ఇది ఎందులో చదివారండీ?" అని అడిగారు.

"చదవలేదండీ. స్వయంగా చూశాను" అన్నాను.

నిజమే కదా. నేను చూశాను కదా.

సుందరిగారు చప్పట్లు కొట్టలేదు. చార్టు చుడుతున్నారు, చేతులు ఖాళీ లేవు. అందుకే అయి ఉంటుంది.


ఫిబ్రవరి 21, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల వేళ దేవమ్మ వచ్చింది. చేతిలో షెర్లీ నోట్సు. వరండాలో నా ముందు నిలబడి, పేజీ తెరిచి, ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

"టీచరమ్మా, ఇక్కడ ఏం రాశారో సదివి చెప్పండి."

"నీకెందుకిప్పుడు దేవమ్మా?"

"నాకు సదువు రాదు గదమ్మా. ఎంకట్రామయ్యగారు సదివితే 'అన్నీ అబద్ధాలు' అని వొచ్చింది. మీరు సదివితే ఏం వొచ్చుద్దో ఇందామని."

జరిగింది చెప్పింది. కల్లంలో తొక్కిపెట్టిన టిక్కీల్లో రెండు తగ్గాయి. రెండు నిండు బస్తాల కాయ ఎటు పోతుంది? కాపలా వీళ్ళది కాబట్టి వీళ్ళే అమ్ముకున్నారన్నారు. షెర్లీ మాత్రం, ఆ రాత్రి వెంకట్రామయ్యగారి కొడుకు చైతన్య ట్రాలీ ఆటో వచ్చిందని, తను చూశానని చెప్పింది. చిన్నపిల్ల మాట ఏంటని కొట్టిపారేశారు. అప్పుడు దేవమ్మకు నోట్సు గుర్తొచ్చింది.

"నేనే తీసకపోయి ఇచ్చానమ్మా. అయ్యా, నా బిడ్డ తేదీ ఏసి మరీ రాసుకుంది, సూడండి అన్నా. ఆయన ఆ కోతోళ్ళందరి ముందరా మీ ఎర్ర రాత పైకి సదివాడు. 'ఏమే దేవమ్మా, దీని సంగతి బళ్ళో టీచరమ్మకే తెలిసిపోయింది, సంతకం పెట్టి మరీ రాసిచ్చింది' అన్నాడు. అందరూ నవ్వారు."

"నేను సాలీడు గురించి రాశాను. ఆ బండి సంగతి నాకేం తెలుసు?"

"ఆ ముక్క కూడా ఆడ రాసుంటే బాగుండేదమ్మా."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. నోట్సు నా ఒళ్ళో పెట్టింది. "మీకాడే ఉంచండి. ఇంట్లో ఉంటే పిల్ల ఆ పేజీయే చూస్తా కూర్చుంటంది" అని వెళ్ళిపోయింది. భోజనం గిన్నె మూత పెట్టేశాను.


ఫిబ్రవరి 22, శనివారం

నోట్సు మొత్తం చదివాను. పన్నెండు రోజుల ముందు చదవాల్సింది.

కల్లం గుంజకు కట్టిన బల్బు దగ్గర ఉందట ఆ గూడు. షెర్లీకి గడియారం లేదు. అందుకని "మసీదులో అజా అయ్యాక", "మొదటి బస్సు రాకముందు" అని టైము వేసుకుంది. ఒక రోజు మిరపగింజలు తెచ్చి గూటి మీద వేసి చూసింది. చుట్ల మీద పడ్డవి అంటుకున్నాయి, చువ్వల మీద పడ్డవి జారిపోయాయి. "అందుకే సాలెపురుగు చువ్వల మీద నడుస్తుంది" అని రాసింది. ఇది నేను పాఠంలో చెప్పలేదు. నాకు తెలియదు కూడా.

నేను ఎర్ర పెన్ను పెట్టిన పేజీలో కింది భాగం ఇది. చూసి రాసుకుంటున్నాను:

"రాత్రి చైతన్య బాబు ట్రాలీ ఆటో వచ్చింది. గూడు బాగా ఊగింది. సాలెపురుగు మధ్యలోకి వచ్చి ఎనిమిది కాళ్ళతో దారాలు పట్టుకుని కూర్చుంది. రెండు టిక్కీలు ఎక్కించారు. బండి పోయింది. గూడు ఊగడం ఆగింది. సాలెపురుగు మళ్ళీ పక్కకు పోయింది."

బండి గురించి రాద్దామని రాయలేదు ఆ పిల్ల. గూడు ఊగింది కాబట్టి రాసింది. దొంగతనం అనే మాట కూడా లేదు. దాని మీదుగా నా అక్షరాలు, నా సంతకం.

సుందరిగారికి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"ఎప్పుడు వెళ్తున్నారు కల్లానికి?"

"నేనా? వాళ్ళ గొడవలోకి నేనెందుకండీ? వెంకట్రామయ్యగారు మన బడికి నీళ్ళ మిషను ఇచ్చిన మనిషి. పైగా ఆయన కొడుకు పేరు ఉంది ఇందులో."

"మీరు ఆ గొడవలోకి పదో తారీఖునే వెళ్ళారు విజయలక్ష్మిగారూ" అన్నారావిడ.

బస్సులో వచ్చేటప్పుడు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్కావిడ ఎండకేమో అనుకుని కిటికీ తెర లాగింది.

సిగ్గుగా ఉంది. రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.


ఫిబ్రవరి 23, ఆదివారం

ఇల్లంతా బూజు దులిపాను. మెట్ల దగ్గరిది ముట్టుకోలేదు.


ఫిబ్రవరి 24, సోమవారం

వెళ్ళాను.

బడి వదిలాక, ఆటో దిగి కాలవ కట్ట మీద నడుచుకుంటూ. కల్లం ఎర్రగా పరచుకుని ఉంది. ఘాటుకు దగ్గు ఆగలేదు. పాతికమంది ఆడవాళ్ళు తెల్లబారిన తాలుకాయ ఏరుతున్నారు. దేవమ్మ వాళ్ళలో లేదు. దూరంగా పట్టా విప్పి మడత పెడుతోంది. షెర్లీ తాళ్ళు చుడుతోంది. నన్ను చూసి చుట్టడం ఆపింది, అంతే.

వెంకట్రామయ్యగారు నులకమంచం మీద కూర్చుని ఎవరితోనో శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే ప్రభకు లైట్ల సంగతి మాట్లాడుతున్నారు. "రా రా టీచరమ్మా, కూర్చో. ఏందీ ఇంత దూరం?" అన్నారు. కొడుకు చైతన్య ఆటోకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

దారి పొడవునా మాటలు అనుకుంటూ వచ్చాను. ఇంత నోరున్న దాన్ని.

నోట్సు తెరిచి, "ఇది నేను రాసింది తప్పండీ. పేజీ చదవకుండా రాశాను" అన్నాను.

"దానికేముందమ్మా, పోయినియ్యి ఎట్టాగూ పోయినియ్యి. పోలీసులకేం చెప్పలా గదా. వాళ్ళని పొమ్మన్నా, అంతటితో సరి."

"సరి కాదండీ. ఆ పిల్ల అబద్ధం ఆడదు."

గట్టిగానే వచ్చింది. తాలుకాయ ఏరే చేతులు ఆగాయి. నేను అక్కడే, మంచం పట్టె మీద నోట్సు పెట్టి, నల్ల పెన్ను తీసి ఎర్ర అక్షరాలు కొట్టేసి, కింద "ఇవన్నీ నిజాలు. తప్పు నాది" అని రాశాను. సంతకం చేశాను. పైకి చదివాను. చదివాక, చెప్పాలంటే, గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. షెర్లీ సంతోషిస్తుందనుకున్నాను.

షెర్లీ దగ్గరికొచ్చి నోట్సులోకి తొంగి చూసింది.

"టీచర్, గూడు తినేది మీరు చూశారా?"

"చూశానమ్మా. మా ఇంటి దగ్గర. నువ్వు రాసినట్టే తింది."

"మరి బండిని మీరు చూళ్ళేదు గదా. ఇవన్నీ నిజాలని ఎట్టా రాశారు?"

వెంకట్రామయ్యగారు పెద్దగా నవ్వారు. "ఇనుకున్నావా టీచరమ్మా! ఇప్పుడు మీ ఏ రాత నమ్మమంటావు, ఎర్రదా నల్లదా?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. చదవకుండా అబద్ధం అన్నాను, చూడకుండా నిజం అంటున్నాను. రెండూ ఒకే చేత్తో. పదేళ్ళ పిల్ల పట్టుకుంది.

ఆ లైను కూడా కొట్టేశాను. మళ్ళీ రాశాను, ఒక్కో మాటా పైకి అంటూ. "సాలీడు గూడు తినడం నేను చూశాను. షెర్లీ రాసినట్టే జరిగింది. బండి రావడం నేను చూడలేదు. షెర్లీ చూసింది. షెర్లీ చూడనిది రాయదు."

షెర్లీ చదువుకుంది. "ఊఁ" అంది.

చైతన్య ఫోన్ జేబులో పెట్టుకుని ఆటో అవతలి వైపుకు నడిచాడు. ఆడవాళ్ళు వాడి వీపు వంకే చూస్తున్నారు. వెంకట్రామయ్యగారూ చూశారు. చాలాసేపు మీసం దువ్వుకుని, నేల చూస్తూ, "ఏమే దేవమ్మా, ఆ పట్టా మళ్ళా కట్టుకో. రేపు కోతకు రా" అన్నారు.

"రానయ్యా" అంది దేవమ్మ. "ముప్పాళ్ళలో కోతలున్నయ్యంట. తెల్లారి పోతన్నాం." తర్వాత నా వైపు తిరిగింది. "వొచ్చినందుకు చానా సంతోషం టీచరమ్మా. కానీ నా బిడ్డ మాట నమ్మటానికి ఇంత మందికి మీ సంతకం కావాల్సొచ్చింది సూడండి. అదీ నా బాధ."

నేను షెర్లీతో, "తప్పయింది తల్లీ" అన్నాను. ఏం చెయ్యాలో తెలియక ఆ పిల్ల తల్లి వంక చూసింది. తర్వాత, "మీ ఇంటికాడ సాలెపురుగు పైదారం ఉంచిందా టీచర్?" అని అడిగింది.

ఉంచిందనే చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది.

"చూడలేదమ్మా."

"ఈసారి చూడండి" అంది. నోట్సు తీసుకుని మూటలో పెట్టుకుంది.


ఫిబ్రవరి 25, మంగళవారం

అయిదింటికి మేడ ఎక్కి చూశాను. గూడంతా తినేసి, పైదారం ఒక్కటి ఉంచింది. గోడ నుంచి గొట్టం దాకా, ఒక్క పోగు. సాయంత్రం మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది కాబోలు. కాబోలు అని ఎందుకు రాయాలి, సాయంత్రం చూసి రాస్తాను.

ఇది షెర్లీకి చెప్పాలి. ముప్పాళ్ళలో ఎవరి చేను, ఎవరి కల్లం, అడగలేదు. దేవమ్మ ఫోన్ నంబరు బడి రిజిస్టరులో ఉంది. చేస్తే స్విచ్చాఫ్. రేపు శివరాత్రి, సెలవు. ఎల్లుండి బడి వదిలాక ముప్పాళ్ళ వెళ్తాను. ఎల్లుండి వెళ్తానని రాశాను, వెళ్ళాక వెళ్ళానని రాస్తాను.

క్లాసులో చెప్పాను. నేను చెప్పిన పాఠం తప్పని, షెర్లీ రాసింది సరైనదని, కాంప్లెక్స్ మీటింగులో నేను వేసిన బొమ్మ షెర్లీదని. "మీలో నిజంగా పది రోజులూ గూడు చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి ముందు బెంచీ పిల్ల, "నేను ఒక్కరోజు చూశా టీచర్" అంది. "మరి మా రైట్లు కొట్టేస్తారా?" అని అడిగాడు వెనకవాడు, గోడలు లేవని అరిచినవాడు. నీ రైటు కంటే ముందు కొట్టేయాల్సింది నాది ఒకటుందిరా అన్నాను. వాడికి అర్థం కాలేదు.

ఇంటికొచ్చి ఈ డైరీ పదో తేదీ పేజీ తెరిచాను. ఎవరూ చూడని పుస్తకం ఇది. ఇందులో కూడా అబద్ధం రాసుకున్నాను. "షెర్లీ కూడా నవ్వింది" అని ఉంది అక్కడ.

షెర్లీ నవ్వలేదు. నోట్సును రెండు చేతులతో గుండెకు పట్టుకుని, నవ్వుతున్న వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. చివర నా మొహం చూసింది. అప్పుడు నేను నవ్వుతూ ఉన్నాను.

ఇది నేను చూశాను. ఆ రోజే చూశాను.